కలక నీళ్ళ ఒడ్డున స్కూబా మాట

ఇందుకూరుపేట దాటాక రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల గుంటలే. వాటి వెనక బకింగ్‌హాం కాలువ, అదీ దాటితే మైపాడు. నెల్లూరి నుంచి పాతిక కిలోమీటర్ల దూరం. ఈసారి వెంట మా మేనల్లుడు ఉన్నాడు. వాడికి స్కూబా నేర్చుకోవాలని మనసైంది. "ఇంటి పక్కనే సముద్రం పెట్టుకుని అండమాన్ దాకా ఎందుకు మామా?" అన్నది వాడి వాదన. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. జవాబు మాత్రం నా దగ్గర కంటే ఆ నీళ్ళలో రోజూ తిరిగేవాళ్ళ దగ్గర ఉంటుందనిపించింది.

వేట నిషేధం రోజులు అవి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు కదలకూడదు. ఫైబర్ బోట్లు ఇసుక మీద వరసగా ఉన్నాయి. నీడపట్టున కూచుని వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళలో ఒక పెద్దాయన మావాడి మాట విని చేతిలో పని ఆపాడు.

"ముణిగితే ఈడ ఏం అగపడద్ది అబ్బయా? చెయ్యి చాపితే ఆ చెయ్యే అగపడదు."

"మరి మీరు ఎప్పుడూ మునగరా తాతా?"

"వల దేనికన్నా తగులుకుంటే ముణుగుతాం. కళ్ళు మూసుకునే పని. తడుముకోని ఇడిపించుకోని రావడమే."

ఆయన చెప్పింది తీరం స్వభావమే. ఉత్తరాన ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలుస్తుంది. వరదొచ్చిన ఏడాది అది తెచ్చే ఒండ్రు ఇంతా అంతా కాదు. అడుగంతా ఇసుక, బురద. ఒడ్డు నుంచి మెల్లగా లోతెక్కే ఈ అడుగును అలలు ఎప్పుడూ కెలుకుతూనే ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు సరేసరి. పగడం అంటుకుని పెరగాలంటే గట్టి అడుగు కావాలి, వెలుతురు దిగే తేట నీళ్ళు కావాలి. మనకు ఆ రెండూ లేవు. దుగరాజపట్నం ఎదుట సముద్రంలో ఆర్మగాన్ మేట ఉంది కదా అని మావాడు ఫోన్‌లో పటం తీసి చూపించాడు. ఉంది. కానీ అది ఓడలకు అలల నుంచి కాస్త చాటునిచ్చే ఇసుక మేట. చేపల రంగులు చూడాలని దిగేవాడికి అక్కడ దొరికేది ఇసుకే.

పెద్దాయన మమ్మల్ని అంతటితో వదల్లేదు. "యాడికన్నా పోండి. నీళ్ళు యే నెలలో తేటగా ఉంటాయో, యాటు లాగతాయో కనుక్కోని పోండి. మీతో దిగేవాడు ఇంకెంతమందిని చూసుకోవాలో అది కూడా అడగండి." స్కూబా అంగళ్ళ ప్రకటనల్లో తాబేళ్ళు, నీళ్ళలో నవ్వే ముఖాలు చాలానే చూశాను. ఈ మూడు మాటలు ఎక్కడా చూడలేదు.

నెల సంగతి ముందు. నెల్లూరి వాళ్ళకు దగ్గర్లో ఉన్న చోట్లలో పుదుచ్చేరి ఒకటి. ఒడ్డుకు దూరంగా పడవలో వెళ్ళి దిగుతారు. మనుషులు కట్టిన దిబ్బల చుట్టూ చేపలు బాగా చేరతాయి. అయినా అదీ మన బంగాళాఖాతమే. వానాకాలం ముగిసీ ముగియకముందే వెళ్తే మైపాడు కలకే అక్కడా పలకరిస్తుంది. విశాఖలో కొండలు సముద్రందాకా వస్తాయి కాబట్టి రుషికొండ వైపు అడుగున రాళ్ళున్నాయి. నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్ళు నేర్పడం అక్కడి బలం. తెలుగులో మాట్లాడే గురువు దొరకడం చిన్న విషయం కాదు. భయపడే మనిషికి నీళ్ళలోకి దిగేముందు నాలుగు మాటలు సొంత భాషలో వినబడితే సగం బెరుకు తగ్గుతుంది. ఇక అండమాన్‌లో హేవ్‌లాక్, 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు తేటగా, నిలకడగా ఉంటాయి. ఒడ్డు నుంచే నడిచి దిగే చోట్లూ ఉన్నాయి. కొత్తవాడికి దానికి మించిన సౌకర్యం లేదు. పడవ ఊగుడుకు కడుపులో తిప్పినవాడు సరంజామా తగిలించుకుని నీళ్ళలోకి దూకడమంటే ఏమిటో ఒకసారి ఊహించుకోండి.

లోతు గురించి మావాడికి పెద్ద ఆశలున్నాయి. మొదటిసారి సరదాగా దిగేవాళ్ళకు 12 మీటర్లే హద్దు. మొదటి శిక్షణ పూర్తయి ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ చేతికొస్తే 18. పది మీటర్లు దిగేసరికే ఒంటి మీద ఒత్తిడి ఉపరితలం మీదికంటే రెట్టింపవుతుంది. ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవడం, పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకపోవడం అలవాటు కావాలి. బిగబడితే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇవన్నీ అయిదారు మీటర్ల తేట నీళ్ళలోనే వస్తాయి. 30 మీటర్ల లోతున మునిగిన ఓడ ఉందని ఎవరైనా ఊరిస్తే, అది ఇంకో ఏడాది మాట.

స్కూబా అంగడిని అసలు తూచవలసింది పెద్దాయన మూడో ప్రశ్నతో. సరదా డైవ్‌కు ఒక గురువు వెంట నలుగురికి మించకూడదని డైవింగ్ శిక్షణ ఇచ్చే పాడీ సంస్థ నిబంధన. నా మటుకు ఇద్దరుంటేనే నయం. పర్యాటకులు ఎగబడే కొన్ని చోట్ల మనిషిని వెనక నుంచి పట్టుకుని దించి, వీడియో తీసి, పావుగంటలో పైకి తెస్తారు. అందులో తప్పేమీ లేదు, నేర్చుకోవడం మాత్రం అది కాదు. ఆరోగ్య పత్రం నింపించకుండా డబ్బు తీసుకునే అంగడి మెట్టు ఎక్కవద్దని మావాడికి చెప్పాను. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టరు సంతకం లేకుండా దిగకూడదు. గట్టి జలుబున్నా ఆ రోజుకు మానుకోవాల్సిందే.

తిరుగుదారిలో బండిలోనే తేల్చుకున్నాం. ఓపెన్ వాటర్ శిక్షణలో పాఠాలు, ఈతకొలను సాధన చెన్నైలోనో పుదుచ్చేరిలోనో ముగించుకుని, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు వేరేచోట చేసే వీలు ఉంది. రిఫరల్ అంటారు. 12 నెలల్లోపు వాడుకోవాలి. కాబట్టి కొలను పని దగ్గరలో, డైవ్‌లు ఫిబ్రవరిలో హేవ్‌లాక్‌లో. సెలవులు సరిపోకపోతే విశాఖ. అండమాన్ టికెట్టు తీసేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి: వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. అందుకని చివరి రోజు ఖాళీగా వదిలేసి, ఆ మర్నాటి విమానానికి రేట్లు చూడడం మొదలుపెట్టాడు మావాడు.