ఎన్నోసారి పూత?

ఎండలో నిప్పు. నీడలో దానిమ్మ గింజ. ఫోన్‌లో చూసిన ఆ బైకు రంగు మంత్రాలయం కుర్రాడికి నిద్ర పట్టనివ్వలేదు. పేరు క్యాండీ రెడ్.

ఇంటర్ తప్పాక రేకుల షెడ్డులో పెయింటింగ్ పనికి కుదిరాడు. నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసిన మనిషి. 'ఈ పొగలో ఏముందిరా, బెంగళూరికి పో' అని పోరు. పని చూపిద్దామని నాయన పాత ఎర్ర బండినే విప్పాడు.

ఈ రంగు కిటుకు మిఠాయి పొట్లంలో ఉంది. వెండి కాగితం మీద ఎర్ర గ్లాసు కాగితం పెడితే ఎలా మెరుస్తుందో అలాగే. అడుగున సిల్వర్, మధ్యలో వెలుతురు దూరే పల్చటి రంగు, పైన క్లియర్ కోటు. అడుగున బంగారు రంగేస్తే అదే ఎరుపు వెచ్చబడుతుంది. 1950ల్లో కాలిఫోర్నియాలో క్యాండీ యాపిల్ ఎరుపుతో పేరు తెచ్చుకున్నవాడు జో బెయిలన్.

కుర్రాడు ఏప్రిల్ మధ్యాహ్నం గన్ పట్టాడు. ఎండకి రంగు ట్యాంకు మీద పడేలోపే ఆరి గరుకు తేలింది. గాలికి తుంగభద్ర ఇసుక అంటుకుంది. ట్యాంకు ఒకరోజు, సైడ్ కవర్లు ఇంకోరోజు కొట్టాడు. బిగించి చూస్తే ట్యాంకు లేత, కవర్లు ముదురు!

'ఏమిరా, ఎన్ని సార్లు కొట్టినావు?' అన్నాడు నాయన.

లెక్క పెట్టలేదు. మామూలు రంగయితే ఒక పూత ఎక్కువైనా తేడా తెలీదు. క్యాండీ అలా కాదు. ప్రతి పూతకీ ముదురుతుంది. గీత పడితే అక్కడొక్కచోటే అద్దితే మచ్చలా తేలుతుంది.

'నూలు ఒకే బానలో ముంచాల. సగం ఈపొద్దు, సగం రేపంటే చీర చారలు పడదా?'

కుర్రాడు మొత్తం గీకేశాడు. ముందు పాత డబ్బా మూతల మీద రెండు, మూడు, నాలుగు పూతలు వేసి ఎండలో, నీడలో చూసుకున్నాడు. మూడు చాలనిపించింది. నిదానంగా ఆరే థిన్నర్ తెచ్చాడు. తెల్లవారుజామున నేల తడిపి, అన్ని భాగాలూ వరుసగా వేలాడదీశాడు. ప్రతి దానికీ అంతే దూరం, అంతే వేగం. గన్ తిరిగిన ప్రతిసారీ గోడ మీద సున్నంతో గీత. క్లియర్‌లో కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకు చేటు, తుండుగుడ్డ ఆపదు. అందుకే ఈసారి తొలి ఖర్చు ఫిల్టర్ మాస్కుకే. బండి ముందూ ఎరుపే కనుక ఆర్‌సీ గొడవ లేదు. వేరే రంగయితే రవాణా శాఖలో నమోదు తప్పదు.

మఠం వీధిలో ఒకాయన బండి ఆపి అడిగాడు, 'ఇది ఏ కంపెనీ రంగు పెద్దాయనా?'

'కంపెనీది కాదు. మా పిల్లోడిది' అన్నాడు నాయన.

ఆ వారం బెంగళూరు మాట రాలేదు.