కంట్రోల్ గ్రూపు

మా జువాలజీ డిపార్టుమెంటు వెనక ఎనిమల్ హౌస్ ఉండేది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు రోజుల్లో పొద్దున్నే నా మొదటి పని తెల్ల ఎలుకలను తూచి పుస్తకంలో రాయడం. ఒక బోనులోనివి మందు కలిపిన మేత తినేవి. పక్క బోనులోనివి ఉత్త మేత తినేవి, అవి కంట్రోల్ గ్రూపు. చివరికి రెండింటినీ కోసేవాళ్లం.

"మందు పెట్టనివాటిని ఎందుకు సార్ చంపడం?" అన్నానోసారి.

"అవి లేకపోతే నీ లెక్కకు విలువేముందయ్యా?" అన్నారు మా మాస్టారు.

ఆ జవాబు అప్పట్లో మింగుడుపడలేదు. 'ట్రిస్' కథ చదివాక పడింది.

1970ల మొదట్లో అమెరికాలో, పిల్లలు రాత్రిపూట తొడుక్కునే బట్టలు తొందరగా అంటుకోకూడదని నిబంధన పెట్టారు. పసివాళ్లు కాలిపోకూడదంటే కాదనేదెవరు? బట్టలకు ట్రిస్ అనే బ్రోమిన్ రసాయనం పట్టించారు. లక్షలాది పిల్లలు అవి తొడుక్కుని పడుకున్నారు, అంచులు చప్పరించారు.

అది బాక్టీరియాలో మ్యుటేషన్లు తెస్తోందని, కాన్సరు ప్రమాదం ఉండవచ్చని 1977 జనవరిలో ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ 'సైన్స్' పత్రికలో హెచ్చరించారు. ఏమ్స్ కనిపెట్టిన ఆ పరీక్షకు పట్టేది రెండు మూడు రోజులే. అక్కడి జాతీయ కాన్సర్ సంస్థ సుమారు రెండేళ్లపాటు మేతలో ట్రిస్ కలిపి పెడితే ఎలుకల మూత్రపిండాల్లో కణితులు లేచాయి. 1977 ఏప్రిల్‌లో ఆ బట్టలను నిషేధించారు. ఆ బట్టలు వేసుకున్న పిల్లల మూత్రంలో, ట్రిస్ ఒంట్లో విడిపోగా వచ్చే పదార్థం దొరికిందని 1978లో తేలింది.

మరి బుద్ధి వచ్చిందా? బ్రోమిన్ తీసి క్లోరిన్ పెట్టారు. ఆ తోబుట్టువు కూడా బాక్టీరియా పరీక్షలో పట్టుబడింది. పిల్లల బట్టల్లోంచి తప్పుకుంది గానీ సోఫాల నురుగులో చాలాకాలం హాయిగా కూర్చుంది. 2011లో గాని కాలిఫోర్నియా దాన్ని కాన్సర్ కారకాల జాబితాలో చేర్చలేదు.

మాస్టారి మాట అర్థమైంది అప్పుడే. మా ఎలుకలకు బోను నంబరుంది, తూకం పుస్తకముంది, పక్కన కంట్రోల్ గ్రూపుంది. ఆ పిల్లల మీద జరిగిందీ ప్రయోగమే. కాకపోతే వాళ్లకు ఇవేవీ లేవు.

జీవహింస అంటూ నాతో వాదించే మిత్రులున్నారు. వారితో నాకు పేచీ లేదు. ముందు బాక్టీరియాను అడిగితే కొన్ని ఎలుకలైనా మిగులుతాయి. తప్పనిసరై ఎలుకనే అడిగామనుకోండి, అది జవాబు చెప్పేదాకా సరుకు బజారుకెక్కకుండా ఆగాలి. ఆగలేనివాళ్లం దాని ప్రాణం ఎందుకు తీసినట్టు?