గోడ వెంట ముప్పావు అంగుళం

మా ఊళ్లో వానాకాలం వచ్చిందంటే వీధితలుపు మొరాయించేది. భుజం ఆనించి తోస్తేగాని తెరుచుకునేది కాదు. వడ్రంగి వచ్చి అంచున చిత్రిక పడుతూ, "చెక్క నీళ్లు తాగిందండీ, ఎండలొస్తే మళ్లీ చిక్కుద్ది" అనేవాడు. ఆ మాట విలువ నాకు చాలా ఏళ్లకు, న్యూజెర్సీలో మా ఇంటి పైగదిలో మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

పాత కార్పెట్ తీసేసి, ఓక్ చెక్క నేల మేమే వేసుకున్నాం. ముప్పావు అంగుళం మందం, రెండుంబావు అంగుళాల వెడల్పు పలకలు. ఒక అంచున నాలుక, రెండో అంచున గాడి. పెట్టెలు రాగానే పని మొదలుపెట్టలేదు. విప్పి అదే గదిలో ఉంచి, తేమ కొలిచే మీటరుతో రోజూ చూశాం. ఇంత సన్నపు పలకలకూ కింది ప్లైవుడ్‌కూ తేమలో తేడా 4 శాతం మించకూడదు. ఈలోగా ప్లైవుడ్ కిర్రుమన్న చోటల్లా స్క్రూలు బిగించాం.

మొదటి వరసకు సుద్దదారం కొట్టాం. అది వంకరపోతే గదంతా వంకరే. కింది దూలాలకు అడ్డంగా పలకలు పరిచి, అద్దెకు తెచ్చిన యంత్రంతో నాలుక మీద వాలుగా, 8 అంగుళాలకొకటి చొప్పున మేకులు దింపాం. పక్కపక్క వరసల అతుకులకు కనీసం 6 అంగుళాల ఎడం ఉండాలి. రంగు తేడా ఒకేచోట పోగుపడకుండా, మా అమ్మాయి నాలుగు పెట్టెల్లోంచి పలకలు ఏరి అందించింది.

అన్నిటికన్నా మనసొప్పనిది గోడల వెంట వదలాల్సిన ముప్పావు అంగుళం సందు. కానీ చెక్క పొడవున దాదాపు మారదు. వెడల్పునే ఉబ్బుతుంది, చిక్కుతుంది. ఇక్కడి చలికాలంలో హీటరు వేడికి ఆరి, పలకల మధ్య సన్నని గీతలు తేలతాయి. వేసవి ఉక్కకు మూసుకుంటాయి. గోడకు ఆనించి బిగిస్తే, ఉబ్బడానికి చోటులేక నేల పైకి లేస్తుంది. మా వడ్రంగి తలుపుకు చిత్రికతో ఇచ్చిన చోటే ఇది. పైన గోడపట్టీ కొడితే సందు కనిపించదు.

రెండు వేసవులు గడిచాయి. నేల ఎక్కడా లేవలేదు. మీరూ వేసుకునేటట్టయితే తొందరపడకండి: ముందు చెక్కను గదిలో ఆరనివ్వండి, గోడ వెంట దాని చోటు దానికి వదలండి.