జీతం బాకీకి ముప్ఫై రోజుల గడువు

కంపెనీ దివాలా అనగానే మనకి బ్యాంకులూ, వేల కోట్లూ గుర్తొస్తాయి. కానీ జీతం రాని ఉద్యోగి కూడా ఆ కంపెనీకి అప్పిచ్చినవాడే.

మా కార్వేటినగరం కుర్రాడు, నాకు వరసకి తమ్ముడు, బెంగళూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేవాడు. వాళ్లు మూడు నెలల జీతం ఎగ్గొట్టారు. 2019లో కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్లింది. "సెటిల్ చేస్తాం" అని హెచ్చార్ వాళ్లంటే నమ్మి వీడు ఊరికొచ్చేశాడు. అప్పటి రూలు ప్రకారం లిక్విడేషన్ మొదలైన 30 రోజుల్లో క్లెయిమ్ వెయ్యాలి. ఆ ప్రకటన కంపెనీ ఉన్నచోట ఒక ఇంగ్లీషు పేపర్లో, ఒక ప్రాంతీయ భాష పేపర్లో వస్తుంది. అంటే కన్నడ పేపర్లో అన్నమాట. కార్వేటినగరంలో దాన్ని చదివేదెవరండీ?

తెలిసేసరికి నాలుగు నెలలైంది. లిక్విడేటర్ కుదరదన్నాడు. ఆలస్యం మన్నించమని ఎన్.సి.ఎల్.టి.ని అడగొచ్చు, పంపకాలు కాకముందైతే ఒప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. కానీ వకీలు ఫీజూ, తిరుగుడు ఖర్చులూ లెక్కేసుకుని "పోనీలే అన్నా" అని వదిలేశాడు. నాకే మనసొప్పలేదు.

2016 దివాలా చట్టం ఉద్యోగుల 12 నెలల జీతం బాకీని తాకట్టు లేని అప్పుల కంటే, ప్రభుత్వ పన్నుల కంటే ముందు పెట్టింది. క్యూలో ముందు చోటిచ్చి, క్యూ ఎప్పుడు మొదలైందో చెప్పకపోతే ఏం లాభం?

గడువే వద్దని నేననను. ఎవరెప్పుడొచ్చినా లెక్క తిరగరాయాలంటే వ్యవహారం తెమలదు. 2023లో ఆర్.పి.ఎస్. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో 287 రోజుల ఆలస్యాన్ని సుప్రీం కోర్టు ఒప్పుకోనిది అందుకే. అది కంపెనీని నిలబెట్టే దశలోని కేసు, రుణదాతలు అప్పటికే ప్లాన్ ఆమోదించేశారు. నేననేదల్లా, గడువు పెట్టేవాడు కబురు కూడా పెట్టాలని. పేరోల్ డేటాబేస్‌లో అందరి వివరాలూ ఉంటాయి. ఒక క్వెరీ, ఒక మెయిల్, అంతే కదా పని!

2022 సెప్టెంబర్‌లో రూలు మార్చారు. దివాలా మొదటి దశలో ఖాతాల్లో ఉన్న రుణదాతలకి పోస్టులోనో మెయిల్లోనో ప్రకటన పంపాలన్నారు. బాగుంది. కానీ రికార్డులో ఉన్నది ఆఫీసు మెయిలైతే? ఉద్యోగం మానిన రోజే అది మూతపడుతుంది.

అందుకని సొంత మెయిల్, ఇంటి అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చి బయటికి రండి. ఆఫర్ లెటరు, పేస్లిప్పులు ఆఫీసు లాప్‌టాప్‌లోనే వదిలెయ్యకండి. జీతం ఆగితే ఐ.బి.బి.ఐ. వెబ్‌సైట్లో కంపెనీ పేరు వెతుకుతూ ఉండండి. ప్రకటనలన్నీ అక్కడ పెడతారు. హెచ్చార్ మాట నమ్మొచ్చు, కానీ క్లెయిమ్ వేశాక నమ్మండి.