వానల దీవుల్లో వెండి తుపాకి

పైనుంచి ఎడతెగని వాన. చుట్టూ ఉప్పు సముద్రం. మధ్యలో దట్టమైన అడవి, అందులో భారీ ఎలుగుబంట్లు. అలాస్కా ఆగ్నేయ దీవుల్లో అడవికెళ్లే మనిషి భుజాన తుపాకి ఉండటం మామూలే. కానీ ఆ తుపాకికి అసలు శత్రువు ఎలుగుబంటి కాదు... తుప్పు!

కెచికాన్ వీధుల్లో ఎవరైనా గొడుగు వేసుకుని నడుస్తున్నారంటే దాదాపుగా పర్యాటకులే. ఊరివాళ్లు గొడుగు జోలికి పోరు. ఒంటిమీద రెయిన్‌కోటు, కాళ్లకు రబ్బరు బూట్లు... అంతే. ఏడాదికి 140 అంగుళాలకు పైగా, అంటే దాదాపు 3,600 మిల్లీమీటర్ల వాన పడే ఊరది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసే వానకు నాలుగు రెట్లు! ఓడరేవు దగ్గర ఆ వాన లెక్క చూపించే పెద్ద బోర్డు కూడా ఉంది. 1949లో 202 అంగుళాలు దాటిందట. వానని వాళ్లు ముద్దుగా ‘లిక్విడ్ సన్‌షైన్’ అంటారు. ఎండ ఎలాగూ ఉండదు కాబట్టి, కరిగి కారుతున్న ఎండ అనుకుని సరిపెట్టుకుంటారన్నమాట.

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఈమధ్య ఈ ఊరు చూసే వస్తున్నారు. సియాటెల్‌లో ఓడెక్కితే అలాస్కా క్రూయిజ్‌లు తరచూ ఆగే రేవుల్లో ఇదొకటి మరి. హిమానీనదాలు, తిమింగలాలు చూసి, టోటెమ్ స్తంభాల పక్కన ఫొటోలు దిగి వెనక్కొచ్చేస్తారు. ఊరు దాటి అడవిలోకి అడుగుపెడితే మాత్రం అది వేరే లోకం.

దారిలేని రాజధాని

అలాస్కా పటం చూస్తే కెనడాని ఆనుకుని పసిఫిక్ తీరం వెంట కిందికి జారిన సన్నటి తోక కనిపిస్తుంది. అందులో వెయ్యికి పైగా దీవులు. రాష్ట్ర రాజధాని జూనో అక్కడే ఉంది. దానికి బయటి ఊళ్లతో కలిపే రోడ్డే లేదు. పడవలోనో విమానంలోనో వెళ్లాల్సిందే. బారనాఫ్ దీవిలోని సిట్కా ఒకప్పుడు రష్యావాళ్ల రాజధాని. 1867లో అలాస్కాని అమెరికాకు 72 లక్షల డాలర్లకు అమ్మేసినప్పుడు జెండా మారింది అక్కడే. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఈ దీవులు ట్లింగిట్, హైడా తెగలవారి సొంత ఊళ్లు.

ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం టాంగస్ జాతీయ అటవీ ప్రాంతమే. 1907లో ఏర్పాటైన దీని విస్తీర్ణం ఒక కోటీ 67 లక్షల ఎకరాలు. అమెరికాలో ఇంతకంటే పెద్ద జాతీయ అడవి లేదు. చెట్ల మాను నుంచి కొమ్మ చివరి దాకా పచ్చటి నాచు. కాలు పెడితే స్పంజిలా కుంగే నేల. జులై వచ్చిందంటే వాగుల నిండా సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుతూ వస్తాయి. వాటికోసం ఎలుగుబంట్లూ వస్తాయి. చేపలు పట్టే మనుషులు, సర్వే చేసే అటవీ సిబ్బంది, జింకల వేటగాళ్లు కూడా అదే వాగు ఒడ్డుకు చేరతారు.

జూనోకి దగ్గర్లోని అడ్మిరాల్టీ దీవిని ట్లింగిట్ భాషలో ‘కూట్స్‌నూవూ’ అంటారు. ఎలుగుబంట్ల కోట అని అర్థం. ఆ ఒక్క దీవిలోనే దాదాపు 1,600 గోధుమరంగు ఎలుగులు ఉంటాయని అంచనా. చూడ్డానికి బద్ధకంగా కనిపించినా ఎలుగు పరుగందుకుంటే గంటకు 50 కిలోమీటర్లు దాటుతుంది. నలభై మీటర్ల దూరంలో ఉన్నది మనిషిని చేరడానికి పట్టేది మూడు సెకన్లు! ఆ మూడు సెకన్లలో చేతిలోని తుపాకి పేలాలి. పేలకపోతే..?

పంప్ గన్నే ఎందుకు?

దగ్గర నుంచి మీదపడే ఎలుగుకి భారీ రైఫిల్ గానీ, స్లగ్ అనే ఒకే పెద్ద సీసపు గుండు వేసిన 12 బోరు షాట్‌గన్ గానీ తగిన ఆయుధమని అలాస్కా వన్యప్రాణుల శాఖ చెబుతుంది. పిట్టల్ని కొట్టే చిన్న రవ్వలు ఇక్కడ పనికిరావు. షాట్‌గన్లలోనూ అక్కడివాళ్లు తరచుగా ఎంచుకునేది పంప్ యాక్షన్ రకం. గొట్టం కింద ఉండే పట్టుని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటపడుతుంది, ముందుకు నెడితే కొత్తది లోపలికి వెళ్తుంది. పేలుడు వాయువుల మీద ఆధారపడి దానంతటదే లోడయ్యే తుపాకిలో మురికి చేరితే మొరాయించొచ్చు. పంప్ గన్ నడిచేది మనిషి చేతి బలంతో. ఓ మోస్తరు మురికి ఉన్నా పని జరిగిపోతుంది. రెండు గొట్టాల పాతకాలం తుపాకి ఇంకా సులువైనదే కానీ, అందులో ఉండేవి రెండే తూటాలు.

అయితే ఇందులోనూ ఓ తిరకాసుంది. కంగారులో పట్టుని సగం వరకే లాగి వదిలేస్తే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. అందుకే చేతికి అలవాటయ్యేదాకా సాధన తప్పదు.

వెండిరంగు వెనక కథ

విశాఖ బీచ్‌రోడ్డులోనో కాకినాడ రేవు పక్కనో ఇల్లున్నవాళ్లకి ఉప్పుగాలి సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కిటికీ గ్రిల్స్‌కి ఎన్ని పూతలు వేసినా ఏదో ఒక మూల నుంచి ఎర్రటి చార దిగుతుంది. ఉప్పు గాలిలోని తేమని పీల్చి ఇనుము మీద నిలబెడుతుంది. ఆ ఉప్పునీరు తుప్పు పట్టడాన్ని వేగవంతం చేస్తుంది. అలాస్కా దీవుల్లో పడవలో తిరిగే తుపాకి పరిస్థితీ అదే.

మామూలు తుపాకులకు ఉండే నీలినలుపు రంగు నిజానికి ఇనుము మీద ఏర్పరిచిన పలచటి ఆక్సైడ్ పొర. నూనె రాస్తున్నంత కాలమే అది కాపాడుతుంది. సైనిక తుపాకులకు వేసే బూడిదరంగు ఫాస్ఫేట్ పూత కాస్త నయం. అది గరుకుగా ఉండి నూనెని పట్టి ఉంచుతుంది. ఈ రెండూ ఎడతెగని ఉప్పుతడికి చాలవు. అందుకే పడవల్లో తిరిగేవారి కోసం కంపెనీలు వేరే రకాలు తెచ్చాయి. 1950లో మొదలై కోటికి పైగా అమ్ముడైన రెమింగ్టన్ 870లో ‘మెరైన్ మాగ్నమ్’ అనే రకం వచ్చింది. దానికి కరెంటు వాడకుండా రసాయన పద్ధతిలో నికెల్ పూత వేశారు. ఈ పద్ధతిలో గొట్టం లోపలి గోడలకూ పూత సమానంగా పడుతుంది. మాస్‌బర్గ్ కంపెనీది ‘మారినర్’. పేరుకి అర్థమే నావికుడు. దానికి మెరైన్‌కోట్ అనే వెండిరంగు పూత ఉంటుంది. తళతళలాడే తుపాకి వేటగాళ్లకు నచ్చకపోవచ్చు. ఆత్మరక్షణకి మెరుపుతో ఇబ్బందేముంది! ఈ రోజుల్లో సెరాకోట్ లాంటి సిరామిక్ పూతలు కూడా వచ్చాయి.

పూత ఒక్కటే చూసి కొనకూడదంటారు అనుభవజ్ఞులు. నికెల్ మీద లోతైన గీత పడిందా... అడుగున బయటపడిన ఉక్కు ఉప్పునీటిలో మరింత వేగంగా గుంటలు పడుతుంది. పైన ఎంత మెరిసినా లోపలి స్ప్రింగులు, పిన్నులు చాలావరకు మామూలు ఉక్కువే. తూటాలు నింపే గొట్టంలోని స్ప్రింగు కంటికి కనపడదు కాబట్టి అక్కడి తుప్పు తొందరగా బయటపడదు. అందుకే ఆ గొట్టం ముందువైపు మూత విప్పి శుభ్రం చేసుకునే వీలుందా అన్నది ముఖ్యం. మాస్‌బర్గ్‌లోనే 590 రకానికి ఆ వీలుంది, 500 రకానికి లేదు.

మాస్‌బర్గ్ నడుమ భాగం అల్యూమినియంతో చేసింది, ఎర్రతుప్పు పట్టదు. రెమింగ్టన్‌ది ఉక్కు, దిట్టమైనది కానీ తడికి జాగ్రత్త ఎక్కువ కావాలి. మాస్‌బర్గ్‌కి సేఫ్టీ మీట బొటనవేలికి అందేలా పైన ఉంటుంది. తడి చేతి తొడుగులతో కూడా జరపొచ్చు, ఎడమచేతివాటం వాళ్లకీ వీలే. రెమింగ్టన్‌కి అది ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది. ఏది మేలన్నది చేతిలో పట్టుకుని చూసుకోవాల్సిందే. భుజానికి ఆనించే బట్ చెక్కదైతే తడికి ఉబ్బుతుంది, ప్లాస్టిక్‌దైతే ఆ బాధ లేదు. కాకపోతే లోపల బోలుగా ఉంటుంది కాబట్టి చేరిన నీరు అక్కడే నిలిచిపోతుంది.

చివరికి తూటాలు. చూడ్డానికి ఇత్తడిలా కనిపించే అడుగుభాగం చాలా తూటాల్లో పూత వేసిన ఉక్కే. అది తుప్పు పడితే తుపాకి ఎంత ఖరీదైనదైనా ఖాళీ తూటా బయటికి రాకుండా బిగుసుకుంటుంది. జేబులో వారాల తరబడి తడిసిన తూటాల్ని నమ్ముకోకూడదు.

రాత్రిపూట పావుగంట

ఇన్ని రకాలు చూశాక తేలేది ఒకటే. తుప్పు పట్టని తుపాకి లేదు, ఆలస్యంగా తుప్పు పట్టేవే ఉన్నాయి. ఆ ఆలస్యాన్ని పెంచేది యజమాని చెయ్యే. ఉప్పునీళ్లు పడితే ముందు తూటాలన్నీ తీసేసి మంచినీళ్లతో కడగాలి. ఉప్పు పోకుండా పైన నూనె పూస్తే లాభం లేదు. తర్వాత ఆరబెట్టి, తుడిచి, పలచగా నూనె రాయాలి. చలిలో తిరిగొచ్చిన తుపాకిని వెచ్చటి గదిలోకి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమరుస్తుంది. అందుకే దాన్ని ఖాళీ చేసి బయటి వసారాలోనే తాళం వేసిన పెట్టెలో భద్రపరుస్తారు, లేదంటే చెమ్మ ఆరాక మళ్లీ తుడుస్తారు. మెత్తటి సంచిలో మూసి ఉంచడం మరీ ప్రమాదం. అందులోని తేమ ఎటూ పోదు. గొట్టంలోకి వాన, బురద పోకుండా మూతికి పలచటి టేపు అంటించేవాళ్లూ ఉన్నారు. గొట్టంలో బురద అడ్డుపడ్డాక పేలిస్తే గొట్టమే పగిలిపోవచ్చు.

డబ్బా గొప్పా, తుపాకి గొప్పా?

ఇంత శ్రద్ధగా చూసుకున్న తుపాకి ప్రాణం కాపాడుతుందా? పరిశోధకులు టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో బృందం అలాస్కాలోని సంఘటనల్ని తవ్వితీసింది. 2008లో వెలువడిన అధ్యయనంలో మిరపఘాటుతో తయారైన బేర్ స్ప్రే, గోధుమరంగు ఎలుగుల్ని 92 శాతం సందర్భాల్లో నిలువరించిందని తేలింది. స్ప్రే దగ్గరున్నవాళ్లలో 98 శాతం మందికి గాయాలే కాలేదు. 2012 నాటి మరో అధ్యయనం 1883 నుంచి 2009 దాకా తుపాకులున్న 269 సంఘటనల్ని పరిశీలించింది. తుపాకి పేల్చినవాళ్లకీ పేల్చనివాళ్లకీ ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు! కంగారులో గురి కుదరకపోవడం, సమయం చాలకపోవడం లాంటివి అందుకు కారణాలు. ఎదురుగాలిలో స్ప్రేకీ ఇబ్బందులున్నాయి. అయినా దానికి అంత గురి అక్కర్లేదు.

ఎలుగుని చంపితే కథ అక్కడితో అయిపోదు. ఆత్మరక్షణ కోసం చంపినా చర్మం ఒలిచి, గోళ్లతో సహా ఆ చర్మాన్నీ పుర్రెనీ ప్రభుత్వానికి అప్పగించాలి. చెత్తనో ఆహారాన్నో నిర్లక్ష్యంగా వదిలేసి ఎలుగుని తామే రప్పించుకున్నవాళ్లకు చట్టం ఆ మినహాయింపు ఇవ్వదు. అందుకే తెలిసినవాళ్లు అడవిలో మాట్లాడుకుంటూ, చప్పట్లు కొడుతూ నడుస్తారు. మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే చాలావరకు ఎలుగే పక్కకు తప్పుకుంటుంది.

అడ్మిరాల్టీ దీవిలోని ప్యాక్ క్రీక్‌లో స్టాన్ ప్రైస్ అనే ఆయన ఎలుగుల మధ్యే దశాబ్దాలపాటు కాపురమున్నారు. చేతికర్ర పట్టుకునే వాటి మధ్య తిరిగేవారని చెప్పుకుంటారు. 1989లో ఆయన చనిపోయాక అక్కడి అభయారణ్యానికి ఆయన పేరే పెట్టారు. అందరికీ అది సాధ్యం కాదు కానీ, ఎలుగు స్వభావం తెలుసుకోవడం కూడా ఓ రక్షణే అనడానికి ఆయన జీవితం ఓ ఉదాహరణ.

వెళ్లాలనుకుంటే...

మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. ఓడలు కెనడా రేవుల్లోనూ ఆగుతాయి కాబట్టి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కెనడా వీసా సంగతి ముందే చూసుకోవాలి. ప్యాక్ క్రీక్‌కి జూనో నుంచి నీటిమీద దిగే విమానంలోనో పడవలోనో వెళ్లొచ్చు. వేసవిలో ముందస్తు అనుమతి తప్పనిసరి. బేర్ స్ప్రేని ప్రయాణికుల విమానాల్లో చెక్-ఇన్ సామానులో కూడా అనుమతించరు. అక్కడికెళ్లాకే కొనుక్కోవాలి. నీటిమీద దిగే చిన్న విమానాల్లో ఆ డబ్బాని మనుషుల దగ్గర కాకుండా కింది తేలుడు గొట్టాల అరల్లో పెడుతుంటారు. మంచి రెయిన్‌కోటు, తడవని బూట్లు తీసుకెళ్లండి. గొడుగు ఇంట్లోనే వదిలేసినా ఫర్వాలేదు.