మా లాప్‌టాప్ ఆయాసం



డిసెంబర్ చలికి క్లాసులో సీలింగ్ ఫ్యాన్లు కట్టేశాం. అప్పుడు బయటపడింది నా లాప్‌టాప్ సంగతి. డిజిటల్ బోర్డుకు కలిపి పాఠం మొదలుపెట్టగానే లోపలి ఫ్యాన్ హోరెత్తేది. "మీ లాప్‌టాప్‌కి ఆయాసమా టీచర్?" అని ఆరో తరగతి పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

ఒకరోజు రీడింగ్ పీరియడ్‌లో, ఎప్పుడూ నోరు విప్పని ఒక బాబు తనంతట తానే లేచి చదవడం మొదలుపెట్టాడు. చిన్న గొంతు. ఆ హోరులో నాకు వినబడలేదు. "గట్టిగా చదువు నాన్నా, కొంచెం త్వరగా" అన్నాను. కాసేపటికి మళ్లీ అదే మాట అన్నాను. వాడు పుస్తకం మూసి కూర్చున్నాడు. ఇంటికి వెళ్లాక కూడా నాకు ఆ ముఖమే గుర్తొచ్చింది.

కొత్త లాప్‌టాప్ కొనడమంటే మాటలా? పైగా ఇది నేను బీఈడీలో చేరినప్పుడు నాన్న కొనిచ్చింది. అందులో ఉబుంటు లైనక్స్ వేసిచ్చిన తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, ముందు వేడి ఎంతుందో చూడు" అన్నాడు. ఎల్ఎం-సెన్సార్స్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వేసుకుని చూస్తే 91 డిగ్రీలు! చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి చేరితే తమను కాపాడుకోవడానికి వేగం అవే తగ్గించేసుకుంటాయి. అంటే అంత ఆయాసపడ్డా పని నెమ్మదే.

వెతికితే మూడు కారణాలు దొరికాయి. ఒకటి, బ్రౌజర్‌లో నేను మూయకుండా వదిలేసిన ఇరవైకి పైగా ట్యాబ్‌లు. రెండు, సెట్టింగ్స్‌లో పవర్ మోడ్ 'పెర్ఫార్మెన్స్' మీద ఉంది. పని త్వరగా అవుతుందని నేనే పెట్టుకున్నాను. పీపీటీ చూపించడానికి అంత వేగం ఎందుకు? 'బ్యాలెన్స్‌డ్'కి మార్చాను. వేగం పెరిగితే ప్రాసెసర్‌కు వోల్టేజీ కూడా ఎక్కువ కావాలి. అందుకే వేగం కొంచెం తగ్గించినా వేడి బాగా తగ్గుతుంది. మూడోది దుమ్ము. రిపేరు షాపులో విప్పించి ఫ్యాన్ శుభ్రం చేయించాను.

మర్నాడు క్లాసులో 60 డిగ్రీలు దాటలేదు. పాఠం ఎక్కడా ఆగలేదు. హోరు లేదు.

మీ ఇంట్లోనూ ఇవి చూడండి. విండోస్‌లోనూ పవర్ మోడ్ మార్చుకోవచ్చు. పిల్లలు లాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టుకుంటే కింద గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోతాయి. టేబుల్ మీద పెట్టించండి. శబ్దం వస్తోందని ఫ్యాన్‌ను మాత్రం ఆపే ప్రయత్నం చేయకండి. వేడి ఎందుకు పుడుతోందో చూడండి.

ఆ బాబు వెంటనే లేవలేదు. నేనూ బలవంతపెట్టలేదు. పది రోజుల తర్వాత ఒక పీరియడ్‌లో చెయ్యెత్తాడు. నాలుగు లైన్లు తన వేగంతో తాను చదివాడు. గొంతు ఎప్పటిదే, చిన్నదే. కానీ ఈసారి వెనక బెంచీ దాకా వినిపించింది.

ఇంట్లో పిల్లలు చదివి వినిపించేటప్పుడు గట్టిగా చదవమనే ముందు, మన చుట్టూ ఉన్న హోరు ఒకసారి కట్టేద్దాం.

– ఆరో తరగతి ఇంగ్లిష్ టీచర్