నాన్నగారి తెర

2006 వేసవిలో ఒక రాత్రి తెనాలి నుండి నాన్నగారి ఫోను. "అక్షరాలన్నీ పోయాయిరా. నెత్తిన గీతలున్న ఇంగ్లీషు ముక్కలేవో వస్తున్నాయి."

పదవీ విరమణానంతరం ఆయన చేనేత పదాలు కూర్చుతున్నారు. పడుగు, పేక, ఆసు, కండె... నలభై పుటలు, ఒకటే ఫైలు. అది చెడలేదనీ, యూటీఎఫ్-8గా కాక మరోవిధంగా తెరుచుకున్నదనీ నాకు తోచింది. అలాగే సేవ్ చేస్తేనే ముప్పు. నేనేమో పూనాలో ఉన్నాను. అక్కడ డయలప్, ఇంటర్నెట్టు నడుస్తుంటే ఫోను పలకదు. అమ్మ పక్కింటివారి సెల్లు తెచ్చుకుని ఐపీ అంకెలు ఒక్కొక్కటే చదివింది.

మొదట ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఎక్స్ ప్రయత్నించాను. మా ప్రయోగశాలలో డిస్కులేని పాత యంత్రాలు ఎల్‌టీఎస్‌పీతో చక్కగా నడిచేవి, ఆ నమ్మకం. కాని ఎక్స్‌లో ఒక కిటికీ తెరుచుకునేలోగా అవతలి ప్రోగ్రాము నా తెరను ఎన్నో ప్రశ్నలడుగుతుంది, జవాబు వచ్చేదాకా కదలదు. ప్రయోగశాలలో ఒక రాకపోకకు మిల్లీసెకను కూడా పట్టదు. డయలప్ మీద మూడోవంతు సెకను అనుకుంటే, మూడువందల ప్రశ్నలకు నూరు సెకన్లు!

తరువాత ఎన్ఎక్స్. 2003లో ఇటలీకి చెందిన నోమెషీన్ తెచ్చినది. ఆ ప్రశ్నలలో చాలావాటికి అక్కడికక్కడే బదులిచ్చే మధ్యవర్తిని కూర్చోబెడుతుంది. ఒకసారి పంపినదాన్ని గుర్తుంచుకుని తేడా మాత్రమే పంపుతుంది. ముచ్చటగా తెరుచుకుంది. తీరా చూస్తే అది నాకోసం పుట్టిన కొత్త తెర. నాన్నగారు అందులో లేరు. (ఆఫీసులో విండోస్ ఎక్స్‌పీతో ఆర్‌డీపీ వాడినా ఇంతే, అవతల కూర్చున్నవారి తెరకు తాళం పడేది.)

ఇక మిగిలింది వీఎన్‌సీ. కేంబ్రిడ్జిలోని ఆలివెట్టి పరిశోధనాలయంలో పుట్టిన మొరటు పద్ధతి, తెరను బొమ్మగా పంపుతుంది. 56కె అన్నది మోడెముకు వచ్చే దారి లెక్క. వెళ్లే దారి సెకనుకు 33.6 కిలోబిట్లే. 1024×768 తెర, 16 బిట్ల రంగులు: యథాతథంగా పంపితే కోటీ పాతిక లక్షల బిట్లు, ఆరు నిమిషాల పైమాటే. రంగులు తగ్గించి, వాల్‌పేపరు తీసివేసి, కుదింపు పెంచాను. ప ఏదో ష ఏదో తెలియని మసక.

ముందుగా ఫైలుకు నకలు తీసుకోవచ్చు కదా అని మీరంటారు. నిజమే. ఆ కంగారులో తట్టలేదు.

తెర పైనుండి కిందికి ముక్కలు ముక్కలుగా దిగింది. చివరగా బాణం గుర్తు కనబడింది. సేవ్ బొత్తాము పక్కనే వణుకుతూ ఉన్నది. ఆయన చేయి వణుకుతుందని అమ్మ ఎన్నడూ చెప్పలేదు.

"నాన్నగారూ, నొక్కకండి" అన్నాను సెల్లులో.

"నొక్కలేదురా. నువ్వు వచ్చావా?"

బాణం మెల్లగా పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.